ఫోనులో నెలవంక

సింహాచలమ్మ లెక్క ప్రకారం మనిషికున్న రెండు చేతుల్లో ఒకటిన్నర చేపలకి, మిగిలిన అర ఫోనుకి. ఆ అర అంటే కుడిచేతి బొటనవేలు. తెల్లవారుజామున వండూర్ ఒడ్డున ఆమె చేపలు ఎంచుతుంటే తొమ్మిది వేళ్లూ పొలుసులతో మెరుస్తుంటాయి. ఆ ఒక్క వేలు మాత్రం పిలవని పెళ్లికి వచ్చిన చుట్టంలా దేన్నీ ముట్టుకోకుండా దూరంగా నిలబడి ఉంటుంది. నడుముకి దోపుకున్న పాత చీర ముక్క కూడా ఆ వేలి కోసమే. చేప జిగురు అంటిన వేలు చెబితే ఫోను వినదు.

ఫోనుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడలో వేలాడదీసుకుంటుంది. అది మోగితే వేలు తుడుచుకుంటుంది, అద్దం మీద నొక్కుతుంది, మళ్లీ చేపల్లో పడుతుంది. మూడేళ్లుగా ఆమె వ్యాపారం ఆ మోతకీ ఆ వేలికీ మధ్య నడుస్తోంది.

కారణం చక్రి. వండూర్‌లో ఉన్న పెద్ద రిసార్టుకి కావలసిన చేప, కూర, కోడి అన్నీ అతనే కొంటాడు. పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో పుట్టి పెరిగిన తెలుగువాడు. బేరాలు మాట్లాడే ఓపిక లేక ఫోనులో ఒక గ్రూపు పెట్టి అందులో నలుగురు చేపల వ్యాపారుల్ని చేర్చాడు. ఆ రోజు వంటకి ఏ చేప ఎన్ని కిలోలు కావాలో పొద్దున్నే అందులో పెడతాడు. దాని కింద బొటనవేలి బొమ్మ ముందు ఎవరిది పడితే ఆర్డరు వాళ్లది. రెండో బొటనవేలికి అక్కడ విలువ లేదు. మెసేజ్ ఇన్నింటికే వస్తుందని కూడా లేదు. రిసార్టులో ఎంతమంది దిగారో తేలాక, నాలుగూ ముప్పావుకీ ఆరున్నరకీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. దీవుల్లో ఐదుంబావుకే తెల్లవారిపోతుంది కాబట్టి అది వేళకాని వేళ అని ఎవరూ అనుకోరు.

వంద ఆర్డర్లు వస్తే అరవై దాకా సింహాచలమ్మవి. మిగిలినవి ఆమె తమ్ముడు నూకన్న, ఇంకో ఇద్దరు పంచుకునేవారు. ఆమె వేగం చూసి ఒడ్డున ఏడు డింగీ పడవల వాళ్లు తెచ్చిన చేపంతా ఆమె దగ్గరే పోసేవారు. ఎంత తెచ్చినా ఎత్తుకుంటుందన్న నమ్మకం. ఆ నమ్మకం రిసార్టు మీద, రిసార్టు బొటనవేలి మీద, బొటనవేలు మోత మీద ఆధారపడి ఉన్నాయి. ఇందులో కిందది కదిలితే పైవన్నీ కదులుతాయని సింహాచలమ్మకు మొదటినుంచీ తెలుసు.

కిందది కదిలి తొమ్మిది రోజులయింది.

పాత ఫోను ఐసు నీళ్లలో పడి పోయింది. హాడో రేవులో పని చేసే కొడుకు కొత్తది కొని పంపాడు. కోడలు సుష్మ దాన్ని తెరిచి, అది అడిగిన ప్రశ్నలన్నిటికీ సరే, సరే అని నొక్కి, పాత నంబరు ఎక్కించి చేతికిచ్చింది. ఫోను చూడటానికి బాగుంది. పిలిస్తే పలుకుతుంది. పగలు మెసేజ్ వస్తే టింగుమంటుంది. కాని ఒడ్డున మాత్రం నోరెత్తదు. ఏడు దాటాక ఆమె చేతులు కడుక్కుని చూస్తే చక్రి ఆర్డరు ఎప్పుడో వచ్చి ఉంటుంది, దాని కింద నూకన్న బొటనవేలు ఉంటుంది. మెసేజ్ రాకపోవడం కాదు. వచ్చినట్టు చెప్పకపోవడం.

మూడో రోజునే ఆమె తమ్ముణ్ణి అడిగింది. నూకన్న అప్పుడు డింగీలోంచి వల దింపుతున్నాడు.

"ఒరే నూకా, నీ ఫోను మోగుతుందేటి?"

"మోగుతుందప్పా."

"మరి నాదెందుకు మోగదురా?"

నూకన్న వలలోంచి ఒక పీత కాలు విడదీసి, దాన్ని కాసేపు పరీక్షగా చూశాడు.

"టవరేమోనప్పా," అన్నాడు.

వాళ్లకు అందే టవరు ఒక్కటే. అక్కకూ తమ్ముడికీ అదే. ఆ సంగతి సింహాచలమ్మకు అప్పుడే తట్టింది. అయినా టవర్ల గురించి తనకేం తెలుసులే అని ఊరుకుంది.

పదో రోజు, సోమవారం, ఏడు డింగీల్లో ఒకటి ఆమెను దాటి నేరుగా నూకన్న దగ్గరికి వెళ్లి ఆగింది. డింగీవాడు ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా చూడనట్టే ఉండి, చేపలు పని మనిషికి అప్పజెప్పి, స్నానం చేసి, పోర్ట్ బ్లెయిర్ బస్సు ఎక్కింది.

గోపినాథ్ ఫోన్ల దుకాణం డైరీ ఫార్మ్‌లో ఉంది. మనిషి మంచివాడు. ఏ ఫోను ఇచ్చినా ముందు తన చొక్కాకి తుడుస్తాడు.

"బైఠో దీదీ. క్యా హువా?" అన్నాడు.

"మోగట్లేదు."

"కాల్ రావట్లేదా?"

"కాల్ వస్తాది. మెసేజికి మోగదు."

గోపినాథ్ ఫోను తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మనిషి అక్కడే కూర్చున్నాడు గాని చూపు మాత్రం ఫోను లోపలెక్కడికో పోయింది. కొంతసేపటికి తల ఎత్తాడు.

"దీదీ, ఇక్కడ బ్యాటరీ ఆదా ఆన్ ఉంది. అది యాప్‌ని పడుకోబెట్టేస్తుంది. తీసేశాను. నోటిఫికేషన్ పర్మిషన్ ఉంది, ఠీక్. డేటా ఆదా కూడా తీసేశాను. గ్రూపు మ్యూట్‌లో ఉందేమో చూశా, లేదు. యాప్ పాతది, కొత్తది ఎక్కించాను. ఇంక టోన్. ఈ టింగ్ టింగ్ సముద్రం దగ్గర వినిపించదు. ఏది పెట్టమంటారు?"

"గట్టిది."

గోపినాథ్ ఒక్కొక్కటే వినిపించాడు. గంట, విజిల్, కోడి, తబలా. చివరికి ఓడ హారన్ దగ్గర ఆమె చెయ్యెత్తింది.

"ఇదుంచు."

"దేఖో," అని తన ఫోనులోంచి ఆమెకు ఒక మెసేజ్ పంపాడు. దుకాణంలో ఓడ కూసింది. స్క్రీన్ గార్డు వేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ బల్ల పట్టుకుంది. గోపినాథ్ ఇంకోటి పంపాడు. మళ్లీ కూసింది.

"ఫస్ట్ క్లాస్," అన్నాడు.

బస్సులో వస్తుంటే అది ఇంకో రెండుసార్లు కూసింది. రెండోసారి డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. సింహాచలమ్మకు ప్రాణం కుదుటపడింది. పూట పోయింది గాని పని అయింది అనుకుంది.

మంగళవారం పొద్దున్న ఓడ కూయలేదు.

ఏడు దాటాక చూస్తే ఐదూ ఇరవైకి సూర చేప పాతిక కిలోలు అడిగి ఉంది, కింద నూకన్న వేలు ఉంది. ఆమె ఫోను వైపు, ఇచ్చిన మాట తప్పిన మనిషిని చూసినట్టు చూసింది. సరిగ్గా ఏడూ పదికి, ఆమె చూస్తుండగానే, గ్యాసు సిలిండరు వాళ్ల మెసేజ్ వచ్చి ఓడ కూసింది. ఒడ్డున ఉన్న కుక్క లేచి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి చక్రి స్కూటరు మీద ఒడ్డుకు వచ్చాడు. నూకన్న దగ్గర సూర చేపని తూకం వేయించుకుని, ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, మీ అంగూఠా కనబడి పది రోజులు దాటింది. తబియత్ ఠీక్ హై?"

"నాకు బాగానే ఉంది. ఫోనుకే బాగోలేదు."

"నేను చెప్పకూడదు గాని, పైనుంచి ఆర్డరొచ్చింది. నలుగురు ఎందుకు, ఇద్దరు చాలు అంటున్నారు. ఒకటో తారీకు నుంచి కొత్త లిస్టు. పదిహేను రోజుల్లో ఒక్క ఆర్డరు కూడా ఎత్తని వాళ్ల పేరు కొట్టేయమన్నారు. మీ పదిహేను శనివారంతో అవుతాయి."

"నాకు ఒక కాల్ కొట్టొచ్చు గదా బాబూ. కాల్ మోగుతాది."

చక్రి ఇబ్బందిగా స్కూటరు అద్దం తిప్పాడు. "మీకు కొడితే నలుగురికీ కొట్టాలి పెద్దమ్మా. నలుగురికి కాల్ కొట్టేదే ఉంటే గ్రూపు ఎందుకు?"

అది న్యాయమైన మాట. ఆమె అతని స్థానంలో ఉన్నా అదే అనేది.

రిసార్టు పోతే ఏం మిగులుతుందో అక్కడే నిలబడి లెక్క వేసింది. డింగీలు ఏడు. ఒకటి వెళ్లింది. పేరు కొట్టేసిన రోజున ఇంకో నాలుగు వెళతాయి. మిగిలిన రెండింటిలో ఒకటి మేనత్త కొడుకుది, వాడు మొహమాటానికి నెల రోజులు ఆగుతాడు. రెండోవాడికి మొహమాటం లేదు, కాని ఇంజను పాడై ఉంది కాబట్టి అతను ఎక్కడికీ వెళ్లడు. అంటే ఆమెకు మిగిలేది ఒక మొహమాటం, ఒక పాడైన ఇంజను. వాటితో వ్యాపారం నడవదు.

బుధవారం పొద్దున్న ఆమె మోత మీద ఆశ వదిలేసి చూపుని నమ్ముకుంది. ప్రతి రెండు నిమిషాలకీ వేలు తుడుచుకుని ఫోను వెలిగించి చూడటం. చూసిన ప్రతిసారీ చక్రి నుంచి ఏమీ లేదు. పైన మూల గంట ఎంతయిందో ఉంది, దాని పక్కన చిన్న నెలవంక ఉంది. ఆ నెలవంకని ఆమె మొదటి రోజే గమనించింది. సముద్రం పోటూ పాటూ చూసుకునే వాళ్లకు తిథి కావాలి గదా, కొత్త ఫోనులో తిథి కూడా చూపిస్తున్నారు అనుకుని మెచ్చుకుంది. కాని పోయిన వారం పున్నమి నాడు కూడా అది నెలవంకే చూపించింది. గోడ మీది తెలుగు క్యాలెండరుతో సరిచూసి, ఈ ఫోనుకి తిథులు రావు అని సుష్మతో చెప్పి, ఆ సంగతి అక్కడితో వదిలేసింది.

పది సార్లు చూసేసరికి చేతులు ఆగిపోయాయి. ఒక బుట్టలో కోనెం చేపల కింద మెత్తబడినవి నాలుగు వచ్చాయని చూసుకోలేదు. కవరు మీద పొలుసులు అంటి గంట కూడా కనబడటం మానేసింది. పదకొండోసారి కవరు తుడిచి చూస్తే ఆర్డరు వచ్చి ఐదు నిమిషాలయింది. నూకన్న పది గజాల దూరంలో నిలబడి, ఆర్డరు ఎత్తిన మనిషిలా కాక సముద్రం చూడటానికి వచ్చిన యాత్రికుడిలా అటు తిరిగి ఉన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం సింహాచలమ్మ గోడ మీద క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి, పెన్సిలు పట్టుకుని సుష్మను పిలిచింది.

"ఈ ఫోనుకి నిన్నా ఇవాళా ఏయే మెసేజ్‌లు వచ్చాయో, ఎన్నింటికి వచ్చాయో సదువు."

"అన్నీనా అత్తా? పూల బొమ్మలు కూడానా?"

"పూలు కూడా."

సుష్మ ఇంగ్లీషు అంకెలు గబగబా, తెలుగు పేర్లు కూడబలుక్కుంటూ చదివింది. నాలుగూ నలభై, వదినగారి గులాబీ, శుభోదయం. ఐదూ పది, సుష్మ వాళ్లమ్మ పంపిన దేవుడి పటం. ఐదూ ఇరవై, చక్రి. ఆరూ ఐదు, పోర్ట్ బ్లెయిర్ సంఘం పెద్దాయన, సూర్యోదయం బొమ్మ. ఆరున్నర, చిన్నాన్న కూతురు, మల్లెపూలు. ఏడూ పది, గ్యాసు. ఎనిమిదిన్నర, కొడుకు. ఇలా సాయంత్రం దాకా. మోగినట్టు గుర్తున్నదానికి సింహాచలమ్మ నిలువు గీత గీసింది. మోగనిదానికి సున్నా చుట్టింది. గురువారం కూడా పొద్దుట్నుంచి అదే పని చేశారు.

గురువారం సాయంత్రం కాగితాన్ని ఆమె దూరంగా పట్టుకుని చూసింది. పైనంతా సున్నాలు. కిందంతా గీతలు. సున్నాల్లో ఒక్క గీత లేదు, గీతల్లో ఒక్క సున్నా లేదు. బుట్టలో బరువు రోజూ తగ్గుతుంటే ఆమె దొంగని వెతకదు, ముందు బుట్టని బోర్లించి ఎక్కడ చిరిగిందో చూస్తుంది. ఇక్కడ చిరిగినచోటు స్పష్టంగా ఉంది.

"ఏడు," అంది.

"ఏడేటి అత్తా?"

"ఏడింటికి ముందు ఒక్కటి మోగలేదు. ఏడు దాటాక ఒక్కటి మానలేదు. ఏడింటికి ఏటవుతాది మనింట్లో?"

సుష్మ ఆలోచించింది. "ఏటీ అవదే."

"నువ్వు లేస్తావు," అంది సింహాచలమ్మ.

"నానేటి సేసేను అత్తా, నాకేటి తెలీదు," అంది సుష్మ. ఆ మాట నిజమేనని తరవాత తేలింది గాని, పూర్తిగా కాదు.

శుక్రవారం ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మళ్లీ డైరీ ఫార్మ్ వెళ్లింది. గోపినాథ్ ఆమెను చూసి, ఫోను తీసుకోకుండానే తన ఫోనులోంచి మెసేజ్ పంపాడు. ఓడ కూసింది.

"మోగుతోంది కదా దీదీ."

"నీ దగ్గర మోగుతాది. నువ్వు దుకాణం ఎన్నింటికి తీస్తావు?"

"దస్ బజే."

"పదింటికి దీనికి ఏ రోగమూ లేదు. ఇది సూడు," అని కాగితం ముందు పెట్టింది.

గోపినాథ్ కాగితాన్ని చొక్కాకి తుడవబోయి ఆగి, చదివాడు. అటూ ఇటూ తిప్పాడు. వెనకాల పున్నమి, అమావాస్య గుర్తులున్న క్యాలెండరు కూడా చూశాడు. తరవాత ఫోను తీసుకుని లోపలికి వెళ్లి, ఈసారి వెంటనే తిరిగొచ్చాడు.

"దీదీ, స్లీప్ మోడ్."

"అంటే?"

"నిద్ర వేళ. రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు దాకా. ఆ టైంలో కాల్స్ వస్తాయి, యాప్‌లు చప్పుడు చేయవు. మనిషి నిద్ర పాడవకూడదని."

"ఎవుల నిద్ర?"

"మీదే."

"నా నిద్ర నన్నడక్కుండా ఎవుడు పెట్టేడు?"

"ఫోను మొదటిసారి తెరిచినప్పుడు అడుగుతుంది దీదీ. పది నుంచి ఏడు, సరేనా అని. ఎవరో సరే అని నొక్కేశారు."

ఆ గంటలు సుష్మకు వింతగా తోచి ఉండవని సింహాచలమ్మకు అర్థమైంది.

"ఏడింటి దాకా పడుకుంటే ఎండ నెత్తి మీదకొచ్చేస్తాది గదా," అంది.

"మనకి. ఫోను చేసేవాళ్లు మన దీవులు ఎక్కడ చూశారు దీదీ? అక్కడ వాళ్లకి ఏడంటే అప్పుడే తెల్లారినట్టు." గోపినాథ్ రెండుసార్లు నొక్కి, ఫోను ఆమె వైపు తిప్పాడు. "తీసేశాను. అయినా ఇది ఆన్‌లో ఉన్నంతసేపూ పైన చాంద్ కనబడుతుందే. ఛోటా సా నెలవంక. మీరు చూడలేదా?"

సింహాచలమ్మ క్యాలెండరు కాగితం మడిచింది.

"సూసేను."

"చూసి ఏమనుకున్నారు?"

"ఏటీ అనుకోలేదు," అంది.

గోపినాథ్ ఫోనుని చివరిసారి చొక్కాకి తుడిచి ఇచ్చాడు. ఈ చిన్న పనికి ఏమీ వద్దన్నాడు. "దో మినిట్ పని దీదీ. మొన్న సోమవారం నాకే తట్టి ఉండాల్సింది. మీ తమ్ముడు నూకన్న భయ్యా ఫోనుకీ ఇదే కదా. నెల కింద తెచ్చాడు. ఆయనా కాల్ వస్తుంది, మెసేజ్ మోగదు అనే అన్నాడు."

"నెల కిందా?"

"హాఁ. ఆయనకి చెప్పాను కూడా, చాంద్ కనబడితే ఇదే రోగం అని."

బస్సులో ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. గారాచర్మ దాటేదాకా కోపం చూసుకుంది. నెల కింద మందు తెలిసినవాడు, పదకొండు రోజుల కింద అక్క వచ్చి రోగం చెబితే, పీత కాలు చూస్తూ టవరన్నాడు. ఒక్క తల్లి పాలు తాగినవాడు. అమ్మా నాన్నా ఇచ్ఛాపురం వైపు తీరం నుంచి ఓడెక్కి వచ్చేటప్పటికి నూకన్న పుట్టలేదు. వాడు ఇక్కడే పుట్టాడు. వాణ్ణి చంకలో వేసుకుని ఈ ఒడ్డంతా తిప్పింది తను. ఆ మోత బరువు కూడా లెక్కలో వేసింది.

గారాచర్మ దాటాక ఎదురు లెక్క గుర్తొచ్చింది.

పోయిన వానాకాలం నూకన్న కొత్త ఫోను కొన్నాడు. అప్పటినుంచి అతని బొటనవేలు గ్రూపులో కనబడటం మానేసింది. ఒక రోజు వచ్చి అడిగాడు, అప్పా నా ఫోను మోగట్లేదే, నీది మోగుతుందా అని. ఆమె చేపలు ఎంచుతూ, తల ఎత్తకుండా, మోగుతుందిరా అంది. మరి నాదేటి అంటే, టవరేమోరా అంది.

రోగం ఏమిటో ఆమెకు అప్పుడు తెలియదు. అది నిజం. కాని టవరు కాదని తెలుసు. ఒకటే టవరు. తన ఫోను మోగుతోంది. అయినా డైరీ ఫార్మ్‌లో ఒక గోపినాథ్ ఉన్నాడు, చూపించుకోరా అన్న చిన్న మాట నోటికి రాలేదు. ఎందుకు రాలేదో ఆమె ఇప్పుడు బస్సులో కూర్చుని నిజాయితీగా వెతికింది. వాడు మోగని నాలుగు నెలల్లో వంద ఆర్డర్లకు అరవై కాస్తా ఎనభై అయ్యాయి. ఆ ఇరవై ఎక్కడివో అప్పుడు ఆమె అడగలేదు. ఎక్కువ వస్తే ఎందుకని అడిగే అలవాటు ఆమెకు లేదు.

వాడికి నాలుగు నెలలు, తనకు పద్నాలుగు రోజులు. ఎటు నుంచి కూడినా బాకీ తన వైపే తేలింది. మాట కూడా వాడు కొత్తగా కల్పించినది కాదు. తను ఇచ్చిన మాటే, అక్షరం మారకుండా తిరిగి ఇచ్చాడు. వ్యాపారంలో దాన్ని తప్పుపట్టడానికి ఆమెకు దారి దొరకలేదు. వండూర్‌లో బస్సు దిగేటప్పటికి కోపం చాలామటుకు తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

సాయంత్రం నూకన్న ఒడ్డున వల బాగు చేసుకుంటుంటే వెళ్లి పక్కన కూర్చుంది.

"ఊరెళ్లేవంట గదప్పా," అన్నాడు.

"ఎళ్లేను. టవరు బాగు సేయించుకొచ్చేను."

నూకన్న చేతిలో దారం ఆగింది. మళ్లీ కదిలింది. "డైరీ ఫార్మ్‌లోనా?"

"డైరీ ఫార్మ్‌లోనే."

"మంచోడే గోపినాథు," అన్నాడు నూకన్న.

"మంచోడే. తుడిసి ఇత్తాడు."

ఒక చోట నూకన్న వేసిన ముడి వదులుగా ఉంది. సింహాచలమ్మ దాన్ని విప్పి, తను వేసి, లేచి చీర దులుపుకుంది.

"రేపు శనివారం," అంది.

"తెలుసప్పా," అన్నాడు నూకన్న.

శనివారం నాలుగూ నలభైకి ఓడ కూసింది.

డింగీలు లాగుతున్న వాళ్లంతా సముద్రం వైపు చూశారు. అంత దగ్గరగా ఏ ఓడ వచ్చిందోనని ఒకతను మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లి మరీ చూశాడు. సింహాచలమ్మ ఒక్కతే తన గుండెల వైపు చూసుకుంది. వేలు తుడుచుకుని నొక్కింది. వదినగారి గులాబీ. శుభోదయం.

నాలుగూ యాభైకి మళ్లీ కూసింది. వేలు తుడిచింది. సుష్మ వాళ్లమ్మ. దేవుడు.

ఐదూ ఐదుకి సంఘం పెద్దాయన, సూర్యోదయం. ఆయన ఆ రోజు సూర్యుడికంటే ముందు లేచాడు. ఐదూ పదికి కాంప్‌బెల్ బేలో ఉన్న చిన్నాన్న కూతురు, మల్లెపూలు, దాని కింద ఒక సూక్తి. ఒడ్డున జనం ఇక సముద్రం వైపు చూడటం మానేసి ఆమె వైపు చూడటం మొదలుపెట్టారు.

"ఏటి సింహాచలమ్మా, ఓడొచ్చి ఎళ్లిపోయిందా?" అన్నాడు నీళ్లలోకి వెళ్లినతను.

"ఇంకా సరుకు దించుతోంది," అంది ఆమె.

అప్పటికి బుట్టల్లో చేప పడింది. కోనెం బాగా వచ్చింది. రెండు చేతులూ ముంజేతుల దాకా ఐసులో ఉన్నాయి. ఒడ్డు మీద తక్కెడ దగ్గర ఇద్దరు తొందరపెడుతున్నారు. ఐదూ పదహారుకి ఐదోసారి ఓడ కూసింది.

ఆమె చేతులు తీయలేదు. నాలుగుసార్లు వేలు తుడిచి నాలుగుసార్లు పూలే చూసింది. ఐదోసారి కూడా తుడుచుకుంటే బేరం పోతుంది. పోనీ అనుకుంది. అనుకున్న తరవాత, అలవాటు కొద్దీ, మనసులో కూడికలు జరిగాయి. పొద్దున్నే పూలు పంపేవాళ్లు ఎంతమంది? వదిన, వియ్యపురాలు, పెద్దాయన, చిన్నాన్న కూతురు. నలుగురు. క్యాలెండరు కాగితం మీద సున్నాలు చుట్టినప్పుడు పూలు పంపే ఐదో మనిషి ఎవరూ లేరు. నలుగురూ అయిపోయారు.

చేతులు ఐసులోంచి బయటికి వచ్చాయి. వేలు చీర ముక్కలో ఒక్కసారి తిరిగింది. చక్రి. కోనెం, నలభై కిలోలు. కింద ఖాళీ.

నొక్కింది.

పది గజాల అవతల నూకన్న కూడా ఫోను పట్టుకుని ఉన్నాడు. అతని బొటనవేలు ఆమె బొటనవేలి కిందకి వచ్చి పడింది. రెండో బొటనవేలికి అక్కడ విలువ లేదని ఇద్దరికీ తెలుసు. నూకన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు.

చక్రి నుంచి వెంటనే జవాబు వచ్చింది, ఓడ మళ్లీ కూసింది. "పెద్దమ్మా ఓకే. లిస్టులో మీ నామ్ పక్కా. నూకన్న భయ్యాది కూడా. ఒక్క ఆర్డరూ ఎత్తని మిగిలిన ఇద్దరూ కట్."

సింహాచలమ్మ తన బుట్టల్లో కోనెం తూకం వేయించింది. ఇరవై ఆరు కిలోలు. వెళ్లిపోయిన డింగీ ఉంటే నలభై అయ్యేది. ఆ డింగీ చేప ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఒప్పుకున్న ఆర్డరుకి తక్కువ పంపిస్తే రేపటి బొటనవేలికి విలువ ఉండదు. బయట నుంచి తెచ్చుకునే టైము లేదు. ఒడ్డున కోనెం ఉన్నది ఇంకొక్కళ్ల దగ్గరే.

వెళ్లి నూకన్న బుట్ట ముందు నిలబడింది.

"ఎంతుందిరా?"

"పద్నాలుగప్పా. సరిగ్గా పద్నాలుగు."

అతను ముందే తూకం వేయించి పెట్టాడని ఆమెకు అర్థమైంది. బుట్ట మీద ఐసు కూడా వేసి ఉంది. ఇద్దరూ చెరో చెవీ పట్టుకుని ఆ బుట్టని తెచ్చి ఆమె బుట్టల పక్కన పెట్టారు. బరువు ఎత్తినప్పుడు సింహాచలమ్మ బొటనవేలు కూడా బుట్ట చెవి కింద పడి తడిసింది. ఆ రోజుకి దానితో ఇంక పని లేదు కాబట్టి తుడుచుకోలేదు.

రిసార్టు బండి కోసం ఎదురు చూస్తూ ఇద్దరూ బుట్టల మీద కూర్చున్నారు. ఎండ అప్పుడే వీపు మీద పడుతోంది. ఆరున్నర కూడా కాలేదు.

"అప్పా," అన్నాడు నూకన్న కొంతసేపటికి. "ఆ నెలవంకని నాను తిథనుకున్నానే."

సింహాచలమ్మ సముద్రం వైపే చూస్తోంది.

"పున్నమి నాడు కూడా అదే సూపించిందా?"

"సూపించింది. నాలుగు పున్నములు."

"మరి అనుమానం రాలేదేటిరా నీకు?"

నూకన్న ఆలోచించాడు. "ఫోనుకి తిథులు రావేమో అనుకున్నాను," అన్నాడు. "నీకొచ్చిందా?"

బండి వచ్చింది. సింహాచలమ్మ లేచి ముందు తమ్ముడి బుట్ట ఎక్కించింది.